యాక్షన్ ఫిగర్ల రూపాంతరీకరణ

యాక్షన్ ఫిగర్ల రూపాంతరీకరణ అనగా కర్మాగారంలో తయారై అంగడిలో అమ్ముడైన కీళ్ల బొమ్మను విడదీసి, చెక్కి, అతికి, తిరిగి రంగులు వేసి మరొక పాత్రను పోలిన బొమ్మగా మార్చే అభిరుచి. టెలివిజన్ ధారావాహికలలోని పాత్రలను ఈ విధంగా మలచుకోవడం అమెరికా, బ్రిటన్ మొదలైన దేశాలలో వ్యాప్తిలో ఉన్నది. ఇలా తయారైన బొమ్మను ఆ అభిరుచి గలవారు "కస్టమ్" అని, తయారు చేసిన వ్యక్తిని "కస్టమైజర్" అని వ్యవహరిస్తారు. బొమ్మల సంస్థలు సాధారణంగా అమ్ముడుపోతాయని నమ్మిన పాత్రలకే బొమ్మలు తయారు చేస్తాయి. ప్రేక్షకులు ఇష్టపడినప్పటికీ సంస్థలు విడిచిపెట్టిన పాత్రలకు రూపం కల్పించే మార్గంగా ఈ అభిరుచి పెరిగింది.

నిర్వచనం, పదజాలం

యాక్షన్ ఫిగర్ అనేది తల, చేతులు, కాళ్లు కీళ్ల వద్ద కదిలే విధంగా ప్లాస్టిక్కుతో చేసిన మనిషి బొమ్మ. ఈ పేరును 1964లో హాస్‌బ్రో అనే అమెరికా సంస్థ తన "జి.ఐ. జో" సైనికుని బొమ్మకు వాడింది. ఇంగ్లీషులో "డాల్" అనే మాట ఆడపిల్లల బొమ్మలను స్ఫురింపజేస్తుంది కనుక, మగపిల్లలకు అమ్మడం కోసం ఈ కొత్త పేరు పెట్టబడినది. రూపాంతరీకరణలో తరచుగా వినిపించే పదాలు ఇవి:

- రిపెయింట్: బొమ్మ ఆకారాన్ని మార్చకుండా రంగులు మాత్రమే మార్చడం. కొత్తగా నేర్చుకునేవారు దీనితో మొదలుపెడతారు.
- తల మార్పిడి: ఒక బొమ్మ తలను తీసి మరొక బొమ్మ మొండెానికి అమర్చడం.
- కిట్‌బ్యాష్: అనేక బొమ్మల నుండి చేతులు, కాళ్లు, దుస్తులు, పరికరాలు తీసుకొని ఒక కొత్త బొమ్మను కూర్చడం.
- స్కల్ప్ట్: ముద్దగా ఉండే పదార్థంతో ముఖం, జుట్టు, దుస్తుల ముడుతలు మొదలైనవి కొత్తగా మలచడం.
- రీకాస్ట్: ఒక భాగానికి అచ్చు తీసి, ఆ అచ్చులో రెసిన్ పోసి నకలు తయారు చేయడం.
- ఫాడర్: విడిభాగాల కోసం కొనే పాత లేదా విరిగిన బొమ్మ. ఈ మాటకు అసలు అర్థం పశువుల మేత.

చరిత్ర

యాక్షన్ ఫిగర్ పుట్టుకలోనే టెలివిజన్‌కు భాగం ఉన్నది. 1963-64లో అమెరికాలోని ఎన్.బి.సి.లో "ది లెఫ్టినెంట్" అనే ధారావాహిక ప్రసారమైంది. దాని సృష్టికర్త జీన్ రాడెన్‌బెర్రీ. ఆ ధారావాహిక ఆధారంగా సైనికుని బొమ్మను తయారు చేయవచ్చునని స్టాన్ వెస్టన్ అనే వ్యాపార ప్రతినిధి హాస్‌బ్రోకు సూచించాడు. హాస్‌బ్రో ఆలోచనను తీసుకొని, ధారావాహిక పేరును మాత్రం వదిలివేసింది. ఆ విధంగా వెలువడిన జి.ఐ. జో ఎత్తు సుమారు 12 అంగుళాలు, కదిలే భాగాలు 21. దీని దుస్తులు, ఆయుధాలు విడిగా అమ్మేవారు. కనుక బొమ్మ ఒకటే అయినా దుస్తులు మార్చి వేర్వేరు సైనికులను తయారు చేసుకునే వీలు పిల్లలకు మొదటి నుండి ఉండేది.

1966లో ఐడియల్ సంస్థ "కెప్టెన్ యాక్షన్" అనే బొమ్మను విడుదల చేసింది. దీనికి కూడా ఆలోచన వెస్టన్‌దే. ముసుగు, దుస్తులు మార్చితే ఇదే బొమ్మ సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్, లోన్ రేంజర్ మొదలైన వీరులుగా మారుతుంది. ఒకే మొండెం మీద అనేక పాత్రలను నిలపడమనే సూత్రాన్ని ఒక సంస్థయే పిల్లల చేతికి అందించిందని చెప్పవచ్చు.

1970లలో మెగో అనే సంస్థ 8 అంగుళాల బొమ్మలను తయారు చేసింది. ఖర్చు తగ్గించుకోవడానికి ఈ సంస్థ చాలా పాత్రలకు ఒకే రకం మొండేన్ని వాడి, తలను, బట్టలను మాత్రమే మార్చేది. వ్యాపారం కోసం చేసిన ఈ పొదుపు తరువాతి కాలంలో అభిరుచి గలవారికి ఎంతో అనుకూలించింది. మెగో సంస్థ 1982లో దివాలా ప్రకటించినా, ఆ నమూనాలో కొత్త పాత్రలను మలచేవారు ఆ తరువాత కూడా కొనసాగారు. 2018లో మెగో పేరుతో బొమ్మలు మరల మార్కెట్లోకి వచ్చాయి.

1978లో కెన్నర్ సంస్థ "స్టార్ వార్స్" చలనచిత్రం కోసం మూడుంముప్పావు అంగుళాల బొమ్మలను ప్రవేశపెట్టిన తరువాత చిన్న పరిమాణం వాడుకలోకి వచ్చింది. 1982లో హాస్‌బ్రో జి.ఐ. జోను కూడా ఇదే పరిమాణానికి తగ్గించింది. ఈ బొమ్మ వీపున ఒక మర, లోపల ఒక రబ్బరు వలయం ఉంటాయి. చిన్న స్క్రూడ్రైవరుతో మర విప్పితే బొమ్మ భాగాలుగా విడిపోతుంది. ఒకదాని చేతులు మరొకదానికి అమర్చడం సులభం కావడంతో కిట్‌బ్యాష్ పద్ధతిని చాలామంది ఈ బొమ్మలతోనే నేర్చుకున్నారు.

1997 నుండి 2011 వరకు అమెరికాలో వెలువడిన "టాయ్‌ఫేర్" పత్రిక బొమ్మల ఛాయాచిత్రాలతో హాస్య కథలు ప్రచురించేది. 2005లో సెత్ గ్రీన్, మాథ్యూ సెన్‌రైక్ ప్రారంభించిన "రోబోట్ చికెన్" అనే టెలివిజన్ కార్యక్రమం బొమ్మలను కొద్దికొద్దిగా కదిలిస్తూ చిత్రీకరించే పద్ధతిలో తయారైంది. టెలివిజన్ పాత్రలు బొమ్మలు కావడమే గాక, బొమ్మలే టెలివిజన్ నటులు కావడం దీనిలోని విశేషం.

అభిరుచికి కారణాలు

ఒక కొత్త బొమ్మకు లోహపు అచ్చు తయారు చేయడం ఖర్చుతో కూడిన పని. ఆ ఖర్చు వేల సంఖ్యలో బొమ్మలు అమ్ముడైతే గాని తిరిగి రాదు. అందువలన సంస్థలు నాయకుని, ప్రతినాయకుని, ప్రసిద్ధమైన రాక్షసులను ముందు తయారు చేసి, ఉపపాత్రలను చివరకు ఉంచుతాయి. అమ్మకాలు తగ్గితే ఆ చివరి వరుస వెలువడదు. మగపిల్లలు కొనరనే నమ్మకంతో స్త్రీ పాత్రలను చాలాకాలం తక్కువగా తయారు చేశారు. వైద్యశాల, న్యాయస్థానం, కుటుంబ హాస్యం వంటి నేపథ్యం గల ధారావాహికలకు బొమ్మలు రావడం అరుదు.

ఇందుకు స్టార్ ట్రెక్ మంచి ఉదాహరణ. రాడెన్‌బెర్రీయే సృష్టించిన ఈ ధారావాహిక 1966 నుండి 1969 వరకు ప్రసారమైంది. 1974లో మెగో దీనికి బొమ్మలు విడుదల చేసినపుడు కిర్క్, స్పాక్, మెకాయ్, స్కాట్, ఉహురా పాత్రలకు స్థానం లభించింది. నౌకను నడిపే స్థానంలో కనిపించే సులు, చెకోవ్ పాత్రలకు లభించలేదు. సులు పాత్రధారి జార్జ్ టకేయి జపాను సంతతికి చెందిన అమెరికా నటుడు. ఆసియా సంతతివారు గౌరవప్రదమైన పాత్రలలో అరుదుగా కనిపించే ఆ రోజులలో సులు పాత్ర ప్రత్యేకమైనది. అటువంటి పాత్ర లేకుండానే పిల్లలు ఆ నౌకతో ఆడుకోవలసి వచ్చింది.

ధారావాహికలో సులు, చెకోవ్ ధరించే చొక్కా, కిర్క్ ధరించే చొక్కా ఒకే రంగువి. కనుక అదనంగా ఒక కిర్క్ బొమ్మ ఉన్నవారు దాని తలను మార్చి, మణికట్టు వద్ద హోదాను తెలిపే పట్టీలను సరిచేస్తే సరిపోతుంది. అభిరుచి గలవారు అదే చేశారు. మెగో మూతపడిన చాలా ఏళ్ల తరువాత, అదే పాత నమూనాలో సులు, చెకోవ్ బొమ్మలు వేరే సంస్థల ద్వారా వెలువడ్డాయి. అంటే ఏ పాత్రలకు కొరత ఉన్నదో అభిరుచి గలవారు పరిశ్రమ కంటే ముందుగా గుర్తించారన్నమాట.

పరిమాణాలు

ఆరడుగుల మనిషిని ప్రమాణంగా తీసుకుంటే బొమ్మల పరిమాణాలు ఈ విధంగా ఉంటాయి:

- 12 అంగుళాల బొమ్మ: మనిషిలో 6వ వంతు. బట్టతో కుట్టిన దుస్తులు దీనికి బాగా అమరుతాయి.
- 8 అంగుళాల బొమ్మ: 9వ వంతు. మెగో బొమ్మలు ఈ పరిమాణానివి.
- 6 అంగుళాల బొమ్మ: 12వ వంతు.
- మూడుంముప్పావు అంగుళాల బొమ్మ: సుమారు 18వ లేదా 19వ వంతు. వాహనాలతో కలిపి ఆడుకోవడానికి అనువైనది.

వేర్వేరు పరిమాణాల భాగాలను కలిపితే తల పెద్దదిగానో, చేతులు చిన్నవిగానో కనిపిస్తాయి. కనుక పని మొదలుపెట్టే ముందే పరిమాణాన్ని నిర్ణయించుకోవాలి.

ప్లాస్టిక్ రకాలు

బొమ్మలోని అన్ని భాగాలు ఒకే ప్లాస్టిక్కుతో తయారు కావు. ఏ భాగం దేనితో తయారైందో తెలియకపోతే రంగు నిలవదు, జిగురు పట్టదు.

పి.వి.సి. అనే ప్లాస్టిక్కును మెత్తబరిచే నూనె వంటి ద్రవ్యాలు కలిపి తలలకు, చేతులకు వాడతారు. వేడి నీటిలో ఒకటి రెండు నిమిషాలు ఉంచితే ఇది మెత్తబడుతుంది. అప్పుడు తలను విరగకుండా లాగి తీయవచ్చును. వంగిన చేతిని సరిచేసి వెంటనే చన్నీటిలో ముంచితే ఆ ఆకారంలోనే బిగుసుకుంటుంది. అయితే పి.వి.సి.లోని మెత్తబరిచే ద్రవ్యాలు క్రమంగా పైకి వస్తాయి. అందువలన దీనిపై ఎనామెల్ రంగులు పూర్తిగా ఆరక, నెలల తరబడి జిగటగా ఉండిపోతాయి. నీటితో కలిసే అక్రిలిక్ రంగులు దీనికి అనువైనవి.

ఎ.బి.ఎస్. గట్టి ప్లాస్టిక్. దీనిని మొండెానికి, కీళ్లకు వాడతారు. ఇది రంగును, జిగురును బాగా పట్టుకుంటుంది. గోళ్ల రంగు తుడిచే ద్రవంలోని అసిటోన్ తగిలితే మాత్రం కరిగిపోతుంది. పాలిథిన్, పాలీప్రొపిలీన్ జాతి ప్లాస్టిక్కులు తాకితే మైనంలా నునుపుగా ఉంటాయి. వీటిపై సాధారణ రంగులు, జిగుర్లు నిలవవు.

తయారీ పద్ధతి

1. ఆధార బొమ్మ ఎంపిక: పాత్ర ఎత్తు, శరీర నిర్మాణం, దుస్తుల తీరు దగ్గరగా ఉన్న బొమ్మను ఎంచుకోవాలి. ఎంపిక సరిగా ఉంటే చెక్కవలసిన పని సగం తగ్గుతుంది.

2. శుభ్రపరచడం: అచ్చు నుండి బొమ్మ సులభంగా ఊడిరావడానికి కర్మాగారంలో పూసే జిడ్డు బొమ్మపై మిగిలి ఉండవచ్చును. గోరువెచ్చని సబ్బు నీటితో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి.

3. విడదీయడం: మర ఉన్న బొమ్మను స్క్రూడ్రైవరుతోను, మిగిలినవాటిని వేడి నీటితోను విడదీస్తారు. బలవంతంగా లాగితే కీలు లోపలి మేకు విరుగుతుంది.

4. తొలగించడం: అవసరం లేని పతకాలు, జేబులు, జుట్టు మొదలైనవాటిని పదునైన కత్తితో చెక్కి, ఎమరీ కాగితంతో నునుపు చేస్తారు.

5. మలచడం: రెండు ముద్దలను కలిపితే గట్టిపడే ఎపాక్సీ పదార్థంతో కొత్త ఆకారాలు చేస్తారు. కొండపల్లి బొమ్మల తయారీలో చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో విడిభాగాలను అతికి ఆకారం తీర్చినట్లే ఇక్కడ ఈ ముద్ద పనిచేస్తుంది. పైపుల పగుళ్లు పూడ్చడానికి మన ఇండ్లలో వాడే ఎం-సీల్ కూడా ఎపాక్సీ జాతిదే. ఓవెన్‌లో కాల్చవలసిన పాలిమర్ మట్టిని బొమ్మపై ఉంచి కాల్చకూడదు. దానికి సుమారు 130 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఆ వేడికి బొమ్మ వికారమవుతుంది.

6. కీళ్లను సరిచేయడం: కదిలే చోట రంగు పొర మందం పెరిగితే రాపిడికి ఊడిపోతుంది. అందుకే రంగు వేయకముందే కీలు అంచులను కొద్దిగా అరగదీస్తారు.

7. రంగులు వేయడం: రంగును నీటితో పలుచన చేసి రెండు మూడు పూతలుగా వేయాలి. ఒకే మందపాటి పూత వేస్తే ముఖంలోని సన్నని గీతలు పూడిపోతాయి. చివరగా మెరుపు లేని వార్నిష్ పూస్తే చర్మం సహజంగా కనిపిస్తుంది.

ముఖంలో పోలిక

ఈ అభిరుచిలో అన్నిటికంటే కష్టమైనది ముఖం. 6 అంగుళాల బొమ్మ తల ఎత్తు సుమారు 2 సెంటీమీటర్లు. ఆ బొమ్మ మనిషిలో 12వ వంతు కనుక, కంటి స్థానంలో అర మిల్లీమీటరు తేడా వస్తే నిజమైన ముఖంపై అది 6 మిల్లీమీటర్ల తేడాతో సమానం. ఒక మనిషి కన్ను 6 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే అతడు మరొక మనిషిలా కనిపిస్తాడు.

అందుచేత అనుభవజ్ఞులు ఒకే చిత్రాన్ని చూసి పని చేయరు. ముందు నుండి, పక్క నుండి, మూడువంతుల కోణం నుండి తీసిన చిత్రాలను సేకరిస్తారు. కెమెరా ముఖానికి చాలా దగ్గరగా ఉంటే ముక్కు పెద్దదిగా, చెవులు వెనుకకు పోయినట్లుగా చిత్రంలో పడతాయి. కనుక కొంత దూరం నుండి తీసిన చిత్రాలనే నమ్మాలి. కనుబొమల వంపు, నుదుటి పైన జుట్టు మొదలయ్యే రేఖ, కండ్ల మధ్య దూరం అనే మూడు సరిపోతే పోలిక చాలావరకు వస్తుంది. కంటి తెల్లగుడ్డుకు స్వచ్ఛమైన తెలుపు వాడితే బొమ్మ బెదిరినట్లు కనిపిస్తుంది. కొద్దిగా గోధుమ రంగు కలపాలి. పని మధ్యలో బొమ్మను అద్దంలో చూస్తే, నేరుగా చూసినపుడు కంటికి అలవాటైపోయిన వంకరలు బయటపడతాయి.

రంగుల సమస్య

టెలివిజన్ పాత్రల విషయంలో మరొక చిక్కు ఉన్నది. తెరపై కనిపించే రంగు, స్టూడియోలో ఉన్న వస్త్రపు రంగు ఒకటి కాకపోవచ్చును. స్టార్ ట్రెక్ మొదటి ధారావాహికలో కిర్క్ చొక్కా నిజానికి ఆకుపచ్చ ఛాయ గలది. స్టూడియో దీపాల వెలుగులో, ఫిల్ముపై అది బంగారు రంగుగా కనిపించింది. 1952లో మొదలైన "అడ్వెంచర్స్ ఆఫ్ సూపర్‌మ్యాన్" ధారావాహిక తొలి రెండు సీజన్లు నలుపు తెలుపులలో తయారయ్యాయి. తెరపై భాగాలు స్పష్టంగా వేరుపడడానికి నటుడు జార్జ్ రీవ్స్ అప్పుడు ధరించిన దుస్తులు నీలం, ఎరుపు కాక గోధుమ, బూడిద ఛాయలలో ఉండేవి.

ఇటువంటి సందర్భాలలో కస్టమైజర్ ఏదో ఒక పక్షం ఎంచుకోవాలి. దుస్తుల చరిత్ర ముఖ్యమనుకునేవారు వస్త్రపు రంగును, ప్రేక్షకుని జ్ఞాపకం ముఖ్యమనుకునేవారు తెరపై రంగును వాడతారు. ఎక్కువమంది రెండవ మార్గాన్నే అనుసరిస్తారు. బొమ్మ పోలవలసింది నటుడు ధరించిన వస్త్రాన్ని కాదు, ప్రేక్షకుడు చూసిన పాత్రను అన్నది వారి వాదన.

ఆరోగ్య జాగ్రత్తలు

ఎపాక్సీని, రెసిన్‌ను అరగదీసినపుడు లేచే సన్నని ధూళి ఊపిరితిత్తులకు హానికరం. ముక్కుకు మాస్కు ధరించి, ఎమరీ కాగితాన్ని నీటితో తడిపి రుద్దాలి. గట్టిపడని ఎపాక్సీని చేతి తొడుగులతోనే తాకాలి. కొందరికి చర్మంపై దద్దుర్లు వస్తాయి. పి.వి.సి.ని మంటపై కాల్చకూడదు. కాలినపుడు హైడ్రోజన్ క్లోరైడ్ అనే విషవాయువు వెలువడుతుంది. రూపాంతరం చేసిన బొమ్మలు ప్రదర్శనకే గాని, నోటిలో పెట్టుకునే వయసు పిల్లలకు ఇవ్వదగినవి కావు.

చట్టపరమైన అంశాలు

పాత్రపై హక్కు నిర్మాణ సంస్థది, ముఖంపై హక్కు నటునిది, ఆధార బొమ్మ శిల్పంపై హక్కు బొమ్మల సంస్థది కావచ్చును. సొంత సంతోషం కోసం ఒక బొమ్మను మార్చుకున్నంతవరకు వివాదాలు సాధారణంగా రావు. నకళ్లు పోసి అమ్మినపుడు ఈ హక్కులు ముందుకు వస్తాయి. ఈ విషయమై రెండు అమెరికా తీర్పులు గమనించదగినవి.

"చీర్స్" ధారావాహికలోని రెండు పాత్రలను పోలిన యంత్రపు బొమ్మలను విమానాశ్రయాలలోని మద్యశాలలలో ఉంచారు. నిర్మాణ సంస్థ అనుమతి ఉన్నప్పటికీ, తమ ముఖాలను తమ అనుమతి లేకుండా వాడుకున్నారని నటులు జార్జ్ వెండ్ట్, జాన్ రాట్జెన్‌బెర్గర్ దావా వేశారు. పాత్రపై కాపీహక్కు ఉన్నంత మాత్రాన నటుని రూపంపై హక్కు రాదని, దావా కొనసాగవచ్చునని 1997లో అప్పీళ్ల న్యాయస్థానం తీర్పునిచ్చింది. మరొక దావాలో, బార్బీ బొమ్మ తలను వాడి పూర్తిగా మార్చిన బొమ్మలను అమ్మినందుకు మాటెల్ సంస్థ అభ్యంతరం తెలిపింది. ఆ మార్పు అసలు బొమ్మకు ప్రత్యామ్నాయం కాదని, కొత్త అర్థం గల రూపాంతరమని 2002లో న్యూయార్కులోని ఫెడరల్ న్యాయస్థానం భావించింది.

భారతదేశంలో

భారతదేశంలో ఎం.ఆర్.ఎఫ్., హాస్‌బ్రో సంస్థల ఉమ్మడి భాగస్వామ్యంతో 1987లో ఏర్పడిన ఫన్‌స్కూల్ సంస్థ జి.ఐ. జో బొమ్మలను ఇక్కడనే తయారు చేసి అమ్మింది. హాస్‌బ్రో అచ్చులనే వాడినా, కొన్ని బొమ్మల రంగులు అమెరికా బొమ్మల రంగులకు భిన్నంగా ఉండేవి. ఈ తేడా వలన విదేశీ సేకర్తలు భారతీయ జి.ఐ. జోలను ఆసక్తితో సేకరించారు. వీపున మర ఉన్న నమూనా కావడంతో ఇవి విడిభాగాల మార్పిడికి కూడా ఉపయోగపడ్డాయి.

ఇటీవలి మార్పులు

కంప్యూటరులో తలను మలచి త్రీడీ ప్రింటరుపై తయారు చేసే పద్ధతి ఇప్పుడు వాడుకలో ఉన్నది. ఒకసారి మలచిన తలను 6 అంగుళాల బొమ్మకు గాని, 12 అంగుళాల బొమ్మకు గాని కావలసిన కొలతలో ముద్రించవచ్చును. కొనుగోలుదారుని ముఖాన్నే బొమ్మపై ముద్రించి ఇచ్చే పథకాన్ని హాస్‌బ్రో 2022లో ప్రకటించింది. అయినప్పటికీ ఇంట్లో ముద్రించిన తలకు రంగు వేసి, కనుచూపుకు జీవం పోయడం చేతిపనిగానే మిగిలింది.

సేకర్తలలో ఒక ఆచారం

పాత బొమ్మను ఒకసారి చెక్కితే దానిని పూర్వస్థితికి తీసుకురావడం సాధ్యం కాదు. అందుకే అరుదైన బొమ్మలను కాక, విరిగినవాటిని, విరివిగా దొరికేవాటిని వాడాలని సేకర్తలు కోరతారు. మంచి కస్టమ్‌ను కొన్నేళ్ల తరువాత కర్మాగారపు అరుదైన బొమ్మగా భ్రమపడే అవకాశం, అలా నమ్మించి అమ్మే అవకాశం కూడా ఉన్నాయి. ఈ మోసాన్ని నివారించడానికి పలువురు కస్టమైజర్లు బొమ్మ అరికాలిపై తమ పేరును, తయారైన సంవత్సరాన్ని వ్రాస్తారు. ఆ చిన్న గుర్తు కొనేవారిని కాపాడడమే గాక, ఆ బొమ్మ ఒక వ్యక్తి చేతిపని అని కూడా తెలియజేస్తుంది.